ఇంగ్లీషు కఠినపదములు - మన ఉన్నత పాఠశాలలు

మన ఉన్నత పాఠశాలలలో చదువుకొను బాలబాలికల సంచులలో అచ్చు పుస్తకములతోపాటు తప్పక యుండు వ్రాతపుస్తక మొకటి కలదు. పుట నడుమ నిలువుగీత గీచి, ఎడమప్రక్క ఇంగ్లీషు పదమును, కుడిప్రక్క దాని యర్థమును వ్రాసికొందురు. దీనికి విద్యార్థులు పెట్టిన పేరు ‘మీనింగుల నోట్సు’. పరీక్షలు దగ్గఱపడిన కొలది దాని పుటలు నలుగును. పరీక్షలు ముగిసిన పిమ్మట అది పాతకాగితములవాని తక్కెడలోనికి పోవును. అందలి పదములును దానివెంటనే పోవుచున్నవి. ఏండ్లతరబడి చేసిన శ్రమ యింత త్వరగా వ్యర్థమగుటకు కారణమేమి? ఈ యలవాటు మనకెచ్చటినుండి వచ్చినది? దీనిని చక్కదిద్దు మార్గము కలదా? ఈ ప్రశ్నలను చరిత్ర సహాయమున విచారించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ విషయమున రెండభిప్రాయములు లోకమున వ్యాపించియున్నవి. బట్టీయము దొరల పరీక్షలతో పుట్టిన జాడ్యమనియు, అంతకు ముందు మన విద్య యంతయు అర్థజ్ఞానముతో గూడియుండెననియు కొందఱందురు. వల్లెవేయుట మన పూర్వుల దుర్గుణమే యనియు, ఇంగ్లీషు విద్య దానిని పోగొట్టుటకే వచ్చినదనియు మఱికొందఱందురు. చరిత్రను శాంతముగా పరిశీలించినచో ఈ రెండును సగము సగము సత్యములని తేలును. సగము సత్యమును పూర్ణసత్యమని నమ్మినవారు చేయు సంస్కరణము సగముననే నిలిచిపోవును గనుక, ముందుగా పూర్వకాలమునకు పోదము.

చెన్నపురి గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లానుండియు పాఠశాలలను గూర్చిన లెక్కలను తెప్పించెను. అప్పుడు బళ్లారికి కలెక్టరుగా నుండిన ఏ. డి. క్యాంబెలు 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించిన భాషావేత్త. ఆతడు 1823 ఆగస్టులో పంపిన నివేదిక మనకు నేడును లభించుచున్నది. దాని ప్రకారము ఆ జిల్లాలో 533 పాఠశాలలును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉండిరి. కన్నడ పాఠశాలలు 235. తెలుగు పాఠశాలలు 226. సంస్కృత పాఠశాలలు 23. ఇంగ్లీషు పాఠశాల ఒక్కటి మాత్రమే. మన వీధిబడులలో కొద్ది ఖర్చుతో అక్షరములు నేర్పు పద్ధతిని, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పు ఏర్పాటును ఆతడు మెచ్చుకొనెను. కాని బాలురు వల్లించు పద్యములు వ్యవహారభాషకు దూరమైనవగుటచే వానియర్థము శిష్యులకే గాక పలుచోట్ల గురువులకును తెలియదనియు, ఆ బాలుని పలుకునకును చిలుకపలుకునకును భేదము లేదనియు ఆతడు వ్రాసెను. జిల్లా యంతటిలో ఒక్క ఇంగ్లీషుబడి యుండిన కాలమున వ్రాయబడిన మాట యిది. కావున చిలుకపలుకుల నింద నంతయు ఇంగ్లీషు చదువుపై మోపుట న్యాయము గాదు.

అట్లని మన పూర్వుల పదాభ్యాసమంతయు నిరర్థకమని త్రోసివేయుటయు న్యాయము గాదు. అమరసింహుని ‘నామలింగానుశాసనము’ను బాలురు శతాబ్దులపాటు కంఠస్థము చేసిరి. మూడు కాండములు, ఇంచుమించు పదునేను వందల శ్లోకములు గల యా కోశమునందు పదములు అక్షరక్రమమున లేవు. స్వర్గము, ఆకాశము, దిక్కులు, కాలము, భూమి, పురము, పర్వతము, ఓషధులు, మనుష్యులు అని వస్తువునుబట్టి వర్గములుగా కూర్పబడినవి. ఒక పదమును తలచిన బాలునకు దాని చుట్టుప్రక్కలనున్న పదములన్నియు తామై వచ్చును. ఛందస్సు తోడుపడుటచే మఱపు తగ్గును; లింగజ్ఞానమును వెంటనే కలుగును. లండను నగరమున పీటర్ మార్కు రోజెటు అను వైద్యుడు 1852లో ఇంగ్లీషు పదములను భావములనుబట్టి వేయి శీర్షికల క్రింద వర్గీకరించి ప్రసిద్ధమైన తన కోశమును ప్రకటించినపుడు, తన పీఠికలో అమరకోశమును స్మరించి, దానికి కోల్‌బ్రూకు చేసిన ఇంగ్లీషు తర్జుమా 1808లో శ్రీరామపురమున అచ్చయినదని చెప్పెను. మన వీధిబడి బాలుడు అరుగుమీద కూర్చుండి ఊగుచు చదివిన పుస్తకమున ఇంతటి క్రమము కలదు.

అంతకంటె ముఖ్యమైన విషయమింకొకటి కలదు. సరియైన గురువు దొరకిన శిష్యుడు అమరముతో నిలిచిపోలేదు. తరువాత కావ్యపాఠము వచ్చెడిది. అందు పదవిభాగము, అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము గురువు నెదుట చెప్పవలసియుండెను. అమరమున నిన్న వల్లించిన పదము నేడు రఘువంశమున ఒక రాజును గూర్చియో, ఒక నదిని గూర్చియో పలుకుచు ఎదురుపడెడిది. కోశము కావ్యమునకు మెట్టు. మెట్టుమీదనే కాపురముండినవాడు క్యాంబెలు చెప్పిన చిలుక. మెట్టెక్కి లోపలికి పోయినవాడు పండితుడు. అయితే ఆ లోగిలి ద్వారము కొన్ని కులముల మగపిల్లలకు మాత్రమే తెఱవబడియుండెననియు, తక్కినవారికిని, ఆడుపిల్లలకును మెట్టుకూడ దక్కలేదనియు మనము మఱువరాదు. కొత్త చదువు వచ్చినపుడు అనేకులు దానిని ఆశతో చూచుటకు ఇదియొక కారణము.

ఇక ఇంగ్లీషు పదము మన యిండ్లలోనికి వచ్చిన విధమును చూతము. 1835 ఫిబ్రవరిలో మెకాలే తన ప్రసిద్ధమైన అభిప్రాయపత్రమును వ్రాసెను. మార్చిలో బెంటింకు ప్రభుత్వము దాని ననుసరించి తీర్మానించెను. పాఠ్యగ్రంథములలో ఈ సంవత్సరమునే ఎక్కువగా పేర్కొందురు గాని, సామాన్యకుటుంబముల దృష్టిలో 1844 అంతకంటె ముఖ్యమైనది. ఆ సంవత్సరము అక్టోబరులో గవర్నరు జనరలు హార్డింజి, ఇంగ్లీషు విద్య నేర్చినవారికి సర్కారు ఉద్యోగములలో ముందుగా అవకాశ మీయవలెనని తీర్మానము చేసెను. 1854లో ఉడ్డు దొరపేర ప్రసిద్ధమైన విద్యాపత్రము వచ్చెను. 1857లో కలకత్తా, బొంబాయి నగరములతోపాటు చెన్నపురిలోను విశ్వవిద్యాలయము నెలకొల్పబడెను. దాని ప్రవేశపరీక్షయగు మెట్రిక్యులేషను ఆంధ్రదేశపు ఉన్నత పాఠశాలలన్నిటికి గమ్యస్థానమయ్యెను. ఆ దినములలో చరిత్రయు, భూగోళమును, గణితమును సైతము ఇంగ్లీషుననే చదివి ఇంగ్లీషుననే వ్రాయవలసియుండెను. ఇంగ్లీషు పదము తెలియని బాలుడు ఇంగ్లీషునందు మాత్రమే గాక అన్ని విషయములందును తప్పెడివాడు.

ఈ విధముగా ఇంగ్లీషు పదము మాట యగుటకు ముందే రొక్కమయ్యెను. ఎన్ని పదములు వచ్చిన అంత జీతమను నమ్మకము తల్లిదండ్రులలో పాతుకొనెను. రొక్కమును లెక్కపెట్టి మూటగట్టుట సహజముగనుక, పదములను కూడ లెక్కపెట్టి మూటగట్ట మొదలిడిరి. అమరము వల్లించిన నాలుకకు ఈ పని కొత్తది గాదు. కాని అమరమునందలి మూడు సహాయములలో నొకటియు ఇచ్చట లేదు. వర్గక్రమము లేదు, ఛందస్సు లేదు, వెనుక కావ్యమును లేదు. పాతపద్ధతిలోని కష్టము మాత్రము మిగిలి, దాని ప్రయోజనము జాఱిపోయెను. క్యాంబెలు చూచిన చిలుక పంజరము మార్చుకొనెను గాని చిలుకగానే యుండెను.

నిఘంటువుల చరిత్రయు ఈ సందర్భమున చెప్పదగినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను మహాశయుని తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు, మిశ్రభాషానిఘంటువు 1852 మొదలు 1854 వఱకు వెలువడెను. రోజెటు కోశము లండనులో పుట్టిన సంవత్సరముననే బ్రౌను నిఘంటువు చెన్నపురిలో పుట్టుట చిత్రమైన సంఘటన. బ్రౌను పదమునకు ప్రతిపద మిచ్చి ఊరకుండలేదు. కావ్యములనుండియు, కచేరిలోను అంగడిలోను వినబడు వ్యవహారమునుండియు ప్రయోగములను చూపెను. తరువాత శంకరనారాయణగారి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు విద్యార్థులున్న యిండ్లలో చిరకాలము నిలిచెను. ఇట్టి మహాగ్రంథముల దోషము గాదు గాని, వానినుండి ఎత్తివ్రాసిన మీనింగుల నోట్సులలో ఒక పెద్ద దోషము ప్రవేశించినది. ప్రయోగములన్నియు రాలిపోయి, ఒక్క సంస్కృతసమము మాత్రము మిగిలినది. ‘ఇనెవిటబుల్’ అనగా ‘అనివార్యము’ అని బాలిక వ్రాసికొనును. ‘అనివార్యము’ అన నేమని యడిగినచో ఆమె మౌనము వహించును. తెలియనిదానికి తెలియనిదానిని అర్థముగా చెప్పుకొని, రెంటిని వల్లించుట యిది. ‘ఎట్లు చేసినను తప్పనిది’ అని ఇంటిమాటలో చెప్పినచో ఆ పదము ఆమెకు ఒక్క క్షణమున వశమగును.

పదము అర్థముతో మాత్రమే గాక సహవాసముతో కూడ జీవించును. ‘ఎబాండన్’ అనగా ‘విడుచుట’ అని నోట్సులో నుండును. మన ‘విడుచు’ ధాతువు ఎంత విశాలమైనదో చూడుడు. గుడివాకిట చెప్పులు విడుతుము. సాయంకాలము బడి విడుతురు. ధనుర్ధరుడు బాణము విడుచును. ముసలివాడు నిట్టూర్పు విడుచును. తుదకు ప్రాణము విడుచును. వీనిలో ఒక్కదానికైనను ‘ఎబాండన్’ పొసగదు. మునిగిపోవు ఓడను నావికులు విడిచిపోవుటకును, కన్నబిడ్డను నిర్దయులు విడిచిపోవుటకును అది పొసగును. ‘గుడివాకిట నా చెప్పులను ఎబాండన్ చేసితిని’ అని బాలుడు వ్రాసిన తప్పు అతనిది గాదు. పదమును దాని బంధువులనుండి విడదీసి ఒంటరిగా వాని చేతికిచ్చినవారిది. తెలుగు నేర్చుకొను విదేశీయునకు ‘కొట్టు’ అను పదమున కొక్క అర్థమే చెప్పి పంపినచో, తలుపు కొట్టుట, చప్పట్లు కొట్టుట, కొబ్బరికాయ కొట్టుట, వాసన కొట్టుట వినినపుడు ఆతడెంత దిగ్భ్రమ నొందునో యోచించినచో మన పిల్లల యవస్థ తెలియగలదు.

అర్థము తెలియని గొప్పపదములపై నవ్విన రచయితలు అన్నిదేశముల నుండిరి. షెరిడను 1775లో ప్రదర్శింపించిన నాటకమునందు మాలాప్రాపు అను నామె పెద్దపదముల మోజుచే ఒకదానికి బదులొకటి వాడి సభ్యులను నవ్వించును; ఆమె పేరే ఇంగ్లీషున అట్టి పొరపాటునకు పేరయ్యెను. మన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. అందలి గిరీశము ఇంగ్లీషు పలుకులనే పెట్టుబడిగా పెట్టి బ్రదుకు నేర్పరి. శిష్యుని యింటివారు ఇంగ్లీషు వినగోరగా, గురుశిష్యులిద్దఱును ఒకదానితో నొకటి పొత్తు లేని పాఠపుముక్కలను అప్పజెప్పుదురు, వినువారు మురిసిపోవుదురు. ఆ ఘట్టమున నవ్వుచున్న మనము, ఆ యింటివారు మోసపోయినది పదములచేత గాదనియు, పదములకు లోకమిచ్చిన వెలచేతననియు గుర్తింపవలెను. భాష తెలియనివారియెదుట మాత్రమే ఇట్టి రొక్కము చెల్లును. కావున బట్టీయపు ఇంగ్లీషునకు విరుగుడు ఇంటివారి తెలివియే గాని, ఇంగ్లీషును దూషించుట గాదు.

20వ శతాబ్ది తొలి దశకమున ఉత్తరపు జిల్లాలలో పాఠశాలల పరీక్షాధికారిగా నుండిన జె. ఏ. యేట్సు, భాషను వాడుకద్వారా నేర్పవలెనను పద్ధతిని ప్రోత్సహించెను. పర్లాకిమిడి బోధకులగు గిడుగు రామమూర్తిగారు ఆ పద్ధతిలోని సత్యమును గ్రహించి, దానిని తెలుగునకును అన్వయించి వ్యావహారికభాషావాదమును లేవనెత్తిరి. గ్రాంథికమున వ్రాయు మేము ఆ వాదమునంతను అంగీకరింపకున్నను, జీవభాషను వాక్యములోనుండి నేర్వవలెనను ఆయన మూలసూత్రమును కాదనజాలము. ఇంగ్లీషు నేర్పు విధముపై పుట్టిన చర్చ తెలుగు స్వరూపమునే మార్చివేయుట మన సాహిత్యచరిత్రలో నొక ముఖ్యఘట్టము.

అదే కాలమున ఇతరదేశములలో పదములను లెక్కించు శాస్త్రము బయలుదేఱెను. అమెరికాలో థార్నుడైకు అను మనశ్శాస్త్రజ్ఞుడు ఏ పదమెంత తఱచుగా వచ్చునో గణించి 1921లో 10,000 పదముల పట్టికను ప్రకటించెను. ఇంగ్లండులో ఆగ్డెను 1930లో 850 పదములతోనే వ్యవహారమంతయు సాగించు ‘బేసిక్ ఇంగ్లీషు’ను ప్రతిపాదించెను. మనకు మిక్కిలి దగ్గఱివాడు మైకేలు వెస్టు. వంగదేశమున ఢాకాలో విద్యాశాఖయందు పనిచేసిన యాతడు 1926లో ద్విభాషావిద్యను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. బాలురలో ననేకులు చదువు ముగియకముందే బడి మానుచుండుటను చూచి, జీవితభీమావారి మాట నొకదానిని ఆతడెరవు తెచ్చుకొనెను. భీమాను నడుమనే మానుకొన్నవానికి తిరిగివచ్చు సొమ్ము ‘సరెండరు విలువ’. అట్లే చదువును నడుమనే మానుకొన్న బాలునకు అంతవఱకు నేర్చినదానిచే ఏమి మిగులును అని ఆతడు ప్రశ్నించెను. అపురూపమైన కఠినపదములు నూరు నేర్చినవానికి ఏమియు మిగులదు; ముఖ్యపదములు నేర్చి సులభగ్రంథములను చదువగలిగినవానికి జన్మాంతము చదువు మిగులును. ఈ సూత్రముననుసరించి ఆతడు వాచకములను వ్రాసెను. 1935లో ఇంకొకరితో గూడి ప్రకటించిన నిఘంటువున 1,490 పదములతోనే సుమారు 24,000 పదములకును నానుడులకును అర్థము చెప్పెను. 1953లో సుమారు 2,000 పదములతో ఆతడు సవరించి ప్రకటించిన పట్టిక చిరకాలము ఉపాధ్యాయులకు ప్రమాణమయ్యెను.

అయితే రెండువేల పదములతో ఉన్నతవిద్య సాగునా? సాగదు. ఇచ్చట సులభవాదులును పొరబడుచున్నారు. న్యూజీలండు పండితుడు పాల్ నేషను 2006లో ప్రకటించిన గణనము ప్రకారము, సామాన్యగ్రంథములను పరుల సాయము లేక చదువుటకు ఎనిమిది తొమ్మిదివేల పదకుటుంబముల పరిచయ మవసరము. కుటుంబమనగా ఒక పదమును, దానినుండి పుట్టిన రూపములును. అదే దేశమున ఎవెరిల్ కాక్స్‌హెడ్ అను విదుషి 2000లో శాస్త్రగ్రంథములను శోధించి, అన్నిశాస్త్రములలోను తఱచుగా కనబడు 570 పదకుటుంబములను ఏరియిచ్చెను. శాస్త్రగ్రంథములలోని పదములలో ఇంచుమించు పదవవంతు వీనివే. ‘ఎనలైజ్’, ‘ఎస్టిమేట్’, ‘ఎవిడెన్స్’, ‘ఫంక్షన్’, ‘సిగ్నిఫికెంట్’ మొదలగున విట్టివి. ఉన్నత పాఠశాలలో నేర్వదగిన కఠినపదములు ఇవియే. చరిత్రపాఠమునను, జీవశాస్త్రమునను, గణితమునను మరల మరల ఎదురగును గనుక ఇవి నిలుచును. అందమునకు ‘పల్క్రిట్యూడ్’ అని వాడి తోడివిద్యార్థులను బెదరించుట వినోదమే గాని విద్య గాదు.

పరీక్షకొఱకు మాత్రమే నేర్చిన పదముల గతి యేమగునో అమెరికా చరిత్ర చక్కగా తెలుపుచున్నది. అచ్చటి కళాశాలాప్రవేశమునకు ‘శాట్’ అను పరీక్ష 1926లో మొదటిసారి జరిగెను. నాడు సుమారు 8,000 మంది వ్రాసిరి. క్రమముగా ఆ పరీక్షలోని వ్యతిరేకపదములకొఱకును, పదసామ్యములకొఱకును వేలకొలది పదముల పట్టికలు అచ్చయి, వానిని వల్లించుట ఉన్నత పాఠశాల విద్యార్థుల నిత్యకృత్యమయ్యెను. 1994లో వ్యతిరేకపదముల ప్రశ్నలు తొలగింపబడెను. 2005లో పదసామ్యములు పోయెను. 2016లో పరీక్షను మార్చినపుడు అపురూపపదముల ప్రశ్నలను విడిచి, సందర్భమునుబట్టి అర్థము గ్రహించు ప్రశ్నలను పెట్టిరి. పైచదువులకై అమెరికాకు పోగోరు మన యువకులు వ్రాయు ‘జి.ఆర్.ఇ.’ పరీక్షలోను వ్యతిరేకపదములు, పదసామ్యములు 2011లో తొలగింపబడెను. హైదరాబాదు శిక్షణాలయములలో ఆ పట్టికలనే పారాయణము చేసిన తరము కన్నులయెదుటనే ఆ రొక్కములో కొంతభాగము చెల్లకపోయెను. వానిని చదువులోనుండి గ్రహించినవారికి మాత్రము నష్టము లేకపోయెను.

ఈ సందర్భమున అమెరికాలోని వర్ణక్రమపుపోటీలను గూర్చి యొకమాట. 1925లో ఆరంభమైన ఆ దేశపు జాతీయపోటీలో భారతీయకుటుంబముల పిల్లలు, అందు మన తెలుగువారి పిల్లలును, చాలకాలముగా ప్రసిద్ధి కెక్కుచున్నారు. 2019లో ఎనమండుగురు సమానముగా నెగ్గగా వారిలో ఏడుగురు భారతీయసంతతివారు. ఇదియంతయు బట్టీయమేయని కొందఱు తేలికగా మాటలాడుదురు. అది సరి గాదు. అట్టి పోటీలో పిల్లవాడు పదము పుట్టిన భాష నడుగును, ధాతువు నడుగును, అర్థము నడుగును, వాక్యప్రయోగము నడుగును. ఎన్నడును చూడని పదమును సైతము వీని యాధారమున ఊహించి వ్రాయును. ఇది మన వైయాకరణులు మెచ్చదగిన పద్ధతి.

నిజమునకు తెలుగుబిడ్డకు ఈ మార్గము పరాయిది గాదు. హృ ధాతువునకు ఉపసర్గలు చేరగా ఆహారము, విహారము, సంహారము, పరిహారము, ఉపహారము అను పదములగుచున్నవని మన పిల్లలు తెలుగువాచకములోనే గ్రహింపవచ్చును. ఇంగ్లీషులోని కఠినపదములలో అధికభాగము లాటిను, గ్రీకు భాషలనుండి ఇట్లే నిర్మింపబడినవి. చూచుట యను నర్థము గల లాటిను ధాతువు ‘స్పెక్’. లోపలికి చూచిన ‘ఇన్‌స్పెక్ట్’. ముందునకు చూచిన ‘ప్రాస్పెక్ట్’. వెనుకకు చూచిన ‘రెట్రాస్పెక్ట్’. మరల తిరిగి చూడదగిన మర్యాద ‘రెస్పెక్ట్’. క్రిందుగా చూచిన అనుమానము ‘సస్పెక్ట్’. అమరమునందు గూఢచారికి ‘స్పశుడు’ అను పేరు కలదు. ఇంగ్లీషువారి ‘స్పై’ యను పదమును, మన స్పశుడును, లాటినువారి ‘స్పెక్’ ధాతువును ఒక్క మూలమునకు చెందినవే. సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలో ఈ భాషల చుట్టఱికమును వెల్లడించినది మొదలు పండితు లెఱిగిన సంగతి పాఠశాల పిల్లలకు మాత్రము ఇంతవఱకు సరిగా చేరలేదు. అయితే ధాతువు దారి చూపును గాని ఇల్లు చూపదు. సంహారములో ఆహారమును వెదకరాదు. తుది నిర్ణయము ప్రయోగముదే.

మఱపును గూర్చి యొక సంగతి చెప్పవలెను. జర్మను శాస్త్రజ్ఞుడు ఎబింగ్‌హౌసు, అర్థము లేని అక్షరసముదాయములను తానే వల్లించి, తన మఱపును తానే కొలిచి, ఆ ఫలితములను 1885లో ప్రకటించెను. నేర్చినదానిలో ఎక్కువభాగము మొదటి గంటలలోను, దినములలోను మఱచిపోవుదుమనియు, ఒకేసారి చేసిన అభ్యాసముకంటె దినముల యెడమిచ్చి చేసిన అభ్యాసము గట్టిదనియు ఆతడు చూపెను. చింతన లేక మననము చేసిన పాఠము నిలువదని మన పెద్దలెఱుగుదురు. ఎడమిచ్చి మననము చేయవలెనను విశేషమును శాస్త్రము చేర్చినది. పరీక్షకు ముందునాటి రాత్రి నూరు పదములు మ్రింగుటకంటె దినమునకు నాలుగైదు పదములను నేర్చి, వానిని మూడవదినమున, వారమునకు, మాసమునకు మరల పలుకరించుట మేలు. శిక్షగా ఒక పదమును నూరుమాఱులు వ్రాయించు ‘ఇంపొజిషను’ వేళ్లకు శ్రమ నిచ్చును గాని బుద్ధికి పని యీయదు.

ఇప్పుడు ఈ పత్రిక చదువు గృహస్థులకును, గృహిణులకును మా మనవి. మీ బిడ్డ ఇంగ్లీషు చదువును సరిచూచుటకు మీకు ఇంగ్లీషు రాకున్నను కొఱత లేదు. నోట్సు చేతికి తీసికొని, పదమును బిడ్డచే చదివించి, మూడు ప్రశ్నలడుగుడు. ‘ఈ మాటను నాకు మన యింటి తెలుగులో చెప్పుము. దీనిని పాఠములో ఎవరిని గూర్చి, ఎందుకు వాడిరి? నేడు మనయింట జరిగిన యేదైన నొక సంగతికి దీనిని వాడి, వాక్యము చెప్పి, దాని తాత్పర్యము చెప్పుము.’ మూడింటికి ఉత్తరము వచ్చినచో ఆ పదము బిడ్డ సొత్తు. రానిచో, అది యెన్నిమాఱులు వల్లించినను అరువుసొమ్ము. అక్షరములు రాని తల్లికూడ ఈ ప్రశ్నల నడుగవచ్చును. తనకు తెలియనిదానిని తల్లికి తెలియజెప్పు బాధ్యత పడినపుడు బిడ్డ మొదట దానిని తాను తెలిసికొనకతప్పదు.

దీనిలో పణముగా నున్నది మార్కులు మాత్రమే గాదు. చదువుకొన్నవారి యింట పుట్టిన పిల్లవానికి కఠినపదము భోజనమువేళ మాటలలోను, ఇంటి పుస్తకములలోను తానై తగులును. కూలినాలి చేయువారి బిడ్డకు, వారి వంశమున మొదటిసారి బడిగడప త్రొక్కిన బాలికకు, ఆ పదము తగులునది బడిలో మాత్రమే. అచ్చటను అది వట్టి శబ్దముగానే తగిలినచో, ఆమె యెదుట గోడ పెరుగును గాని తలుపు తెఱువబడదు. తనకు తెలివి లేదని ఆమె నమ్మును, ఇంటివారును నమ్ముదురు, పదవతరగతితో చదువు మాన్పింతురు. ఒక చెడ్డ పద్ధతి ఒక మంచి బుద్ధిని ఇట్లు ఇంటికి పంపుచున్నది. ఏ మాధ్యమమున చదువవలెనను వివాదము ఎట్లు తీరినను ఈ యన్యాయము తీరదు. తెలుగు మాధ్యమముననైనను అర్థము లేని పదము చిలుకనే తయారుచేయునని 1823నాటి బళ్లారి మనకు సాక్ష్యము చెప్పుచున్నది.

కావున ఉపాధ్యాయులు పదముల పట్టిక నిచ్చుటకు మాఱు పదములున్న పుటను ఇత్తురుగాక. పాఠశాలలు నిఘంటువులతోపాటు సులభమైన కథాగ్రంథములను పిల్లల చేతికి అందునట్లు ఉంచుగాక. తల్లిదండ్రులు ‘ఎన్ని పదములు వచ్చినవి?’ అని యడుగుట మాని ‘ఏమి చదివితివి?’ అని యడుగుదురుగాక. అప్పుడు పరీక్షలు మాఱినను మన బిడ్డలు సంపాదించిన పదములు మాఱిపోవు.